ధర వినిపించే చెవులు

మార్కాపురం, గిద్దలూరు వైపు ఓ మోస్తరు సౌండ్ సిస్టమ్ కొనబోయేవాడు పెళ్లిచూపులకైనా అంతమందిని వెంటేసుకుపోడు. బేస్ తెలిసినవాడొకడు, ట్రెబుల్ తెలిసినవాడొకడు, ఏమీ తెలియకపోయినా హైదరాబాద్ గుజరాతీ గల్లీలో ఇదే సరుకు సగానికి దొరుకుతుందని చెప్పడానికి ఒకడు. కొట్టువాడికి ఈ మూడోవాడే గిట్టడు. మొదటి ఇద్దరూ ఆయన పని తేలిక చేయడానికే వచ్చారు.

ముందు వాట్లు చూస్తారు. డబ్బా మీద 5,000 వాట్ల పీఎంపీఓ అని అరచేతి వెడల్పున రాసి ఉంటుంది. వెనక్కి తిప్పితే, కరెంటు వైరు దగ్గర, కళ్లజోడు పెట్టుకుంటే తప్ప కనపడని అక్షరాల్లో 60 వాట్లు. గోడలోంచి 60 తీసుకుని 5,000 బయటికి పోసే యంత్రమే ఉంటే శ్రీశైలంలో అంత డ్యామెందుకు? కంభం బజారులో నాలుగు సెట్లు కొని గ్రిడ్డుకు కలిపితే పోలా! పీఎంపీఓకి కొలమానం కంపెనీవాడి ధైర్యమే. ఆగకుండా ఎంత ఇస్తుందో చెప్పేది ఆర్‌ఎంఎస్. అది అడిగారా, కొట్టువాడు మిమ్మల్ని తనిఖీకొచ్చిన ఆఫీసరనుకుంటాడు.

తర్వాత పక్కపక్కన పెట్టి వినడం. "ఇది వినన్నా... ఇప్పుడు దీన్ని వినన్నా" అంటూ ఆయన రెండోదానికి వాల్యూమ్ వెంట్రుకవాసి పెంచుతాడు. శబ్దం ఆ కాస్త పెరిగితే చెవికి 'పెరిగింది' అని తట్టదు, 'క్లియర్‌గా ఉంది' అని తడుతుంది. పైగా శబ్దం తగ్గినకొద్దీ బేస్ మన చెవికి ఆనదని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపించారు. అంటే నాబు తిప్పినందుకు బేస్ ఉచితం. బేస్ తెలిసినవాడు సరిగ్గా అక్కడే తల ఊపుతాడు, బేరం ఖాయమవుతుంది. మెకానిక్ దగ్గరి మీటరు స్పీకరు తీగలకు పెట్టి రెండు ఆంప్లిఫయర్ల వోల్టేజీ సమం చేయడం ఎంతసేపు? స్పీకర్ల మధ్య తేడాలు నిజమే, కాదనను. ఆంప్లిఫయర్లకు మాత్రం శబ్దం సమం చేస్తే చాలావరకు తేడా మాయమవుతుంది. వెంట వచ్చిన నిపుణులకు టీ కూడా దక్కదు.

సంపాదించుకొచ్చిన రసికులకు ఈ బేరాలంటే చులకన. వాళ్లు ఏకంగా కేబుల్నే వింటారు. 2007లో అమెరికా ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ, 7,250 డాలర్ల స్పీకర్ కేబుల్‌కూ మామూలు కేబుల్‌కూ తేడా చెవితో పట్టినవారికి పది లక్షల డాలర్లిస్తానన్నాడు. పరీక్ష జరగనేలేదు. ఇలాంటి పరీక్షల్లో మామూలుగా ఏది మోగుతోందో చెప్పకుండా వినిపించి, 16 సార్లలో 12 సార్లు సరిగ్గా పోల్చమంటారు, అంతే. సెట్టు పేరు కనపడకపోతే మావాళ్ల చెవులు పనిచేయవు మరి.

పోనీ, ఆ సెట్టు తెచ్చి పెట్టేదెక్కడ? కింద నాపరాళ్లు, పైన శ్లాబు, నాలుగు వైపులా నున్నటి గోడలు. పళ్లెం కింద పడితే వీధి చివరికి వినపడే గది. అందులో నేల మీద ఓ బొంత పరిచి, గోడకో మందపాటి తెర కడితే వచ్చే మార్పు ఏ కేబులూ తేలేదు. కానీ బొంతకు బ్రాండు లేదు, చుట్టాలకు చూపించలేం.

ఇక పలకరాయి సంగతి. విదేశీ రసికులు గ్యారార్డ్ 301 లాంటి పాత రికార్డు ప్లేయర్లను పలకరాతి దిమ్మెలో బిగించుకుంటారు, అదురు చచ్చిపోతుందని. ఆ జాతి రాయి మార్కాపురం క్వారీల చుట్టూ ముక్కలై గుట్టలుగా పడి ఉంది. మన రసికుడికి చెప్పి చూడండి. వినీ వినగానే మొహం చిట్లించి, మన రాయిలో ట్రెబుల్ కాస్త మొద్దుగా ఉంటుందనీ, లండన్ నుంచి తెప్పించుకున్నదైతే వేరే లెవెలనీ సెలవిస్తాడు.