జెముడుకాకి ఆత్మకథ

కోకిల కుటుంబానికి చెందినదే అయినా కోకిలలా పరాయి గూట్లో గుడ్లు పెట్టకుండా, సొంతంగా గూడు కట్టుకొని పిల్లలను సాకుకునే పక్షి జెముడుకాకి. శాస్త్రగ్రంథాలలో దీని పేరు సెంట్రోపస్ సైనెన్సిస్. నిగనిగలాడే నల్లని ఒళ్లు, ఇటుకరంగు రెక్కలు, ఎర్రని కళ్లు, వెనకవేలికి పొడవైన నిటారు గోరు దీని గుర్తులు. తన చరిత్రను తానే చెప్పుకుంటున్న ఈ జెముడుకాకి గోదావరి డెల్టాలో ఒక కొబ్బరితోట అంచున, వెదురుపొదలో ఆకులూ పుల్లలూ అల్లి కట్టిన గుండ్రటి గూటిలో పుట్టింది. తల్లీ తండ్రీ ఇద్దరూ గుడ్లు పొదిగారు; పిల్లలకు మిడతలు, గొంగళిపురుగులు, తొండపిల్లలు, నత్తలు తెచ్చి పెట్టారు. ఈ జాతికి ఎగరడంలో నేర్పు తక్కువ కావడం వల్ల ఎక్కువసేపు నేలమీదే నడుస్తూ, పొదల కింద ఎండుటాకులు తిరగేస్తూ ఆహారం వెతుక్కుంటుంది. అందుకే తోటలో మనిషి నేలమీద ఏమి చల్లినా దాని ఫలితం ముందుగా ఇలాంటి జీవుల మీదే పడుతుంది. ఈ పక్షి తన కథ చెప్పుకోవడానికి కారణం కూడా అదే.

ఈ పక్షి జీవితంలో ప్రధానపాత్ర వహించిన నత్త ఈ దేశానిది కాదు. రాక్షస నత్త అని జనం పిలిచే ఈ జాతి, అంటే లిస్సాకటైనా ఫ్యూలికా, తూర్పు ఆఫ్రికాలో పుట్టి, హిందూమహాసముద్రంలోని దీవుల మీదుగా ప్రయాణించింది. 1847లో విలియం బెన్సన్ అనే నత్తల శాస్త్రజ్ఞుడు దీన్ని మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చి అక్కడి ఒక తోటలో వదిలాడు. ఒక పరిశోధకుడి కుతూహలంతో మొదలైన ఈ వలస, తర్వాతి కాలంలో మొక్కల కుండీలతో, మట్టితో, కలపతో, లారీల అడుగున అంటుకొని దేశమంతా పాకింది. ఇది వందలాది రకాల మొక్కలను తినగలదు. బొప్పాయి, అరటి, బంతి, క్యాబేజీ, కూరగాయల నారు దీనికి ప్రీతి. నోటిలో వేలకొద్దీ సూక్ష్మదంతాలున్న నాలుకలాంటి అవయవమైన రాడ్యులాతో ఆకును గీకి తింటుంది. చిప్ప పెరగడానికి కాల్షియం కావాలి కాబట్టి సున్నం కొట్టిన గోడలను సైతం గీకుతుంది.

దీని సంతానశక్తిని అర్థం చేసుకోకుండా తోటను కాపాడుకోవడం సాధ్యం కాదు. ఇది ఉభయలింగ జీవి, అంటే ప్రతి నత్తలోనూ స్త్రీ పురుష అవయవాలు రెండూ ఉంటాయి. జతకట్టిన ప్రతి నత్తా గుడ్లు పెట్టగలదు, పైగా జతలో అందిన వీర్యాన్ని దాచుకొని తర్వాత కూడా పెట్టగలదు. ఒక విడతలో వంద నుంచి నాలుగు వందల వరకూ గుడ్లను తేమగల మట్టిలోనో కుళ్లిన ఆకుల కిందనో దాస్తుంది. ఎండలు ముదిరితే చిప్ప ద్వారాన్ని గట్టిపొరతో మూసుకొని, గ్రీష్మనిద్ర అనే స్థితిలో నెలల తరబడి కదలకుండా ఉండి, తొలకరి పడగానే లేస్తుంది. కాబట్టి వేసవిలో నత్త కనబడని తోట నత్తలేని తోట అనుకోవడం పొరపాటు.

ఒక వానాకాలం ఈ పక్షి తిరిగే కొబ్బరితోటను ఆనుకొని ఉన్న పెరట్లో నత్తల ఉధృతిని భరించలేక ఇంటివారు మెటాల్డిహైడ్ గుళికలు చల్లారు. మెటాల్డిహైడ్ అనేది నత్త ఒంట్లో జిగురు తయారుచేసే కణాలను దెబ్బతీసి, ఒళ్లు ఎండిపోయేలా చేసే విషం. తెల్లవారేసరికి పాదుల చుట్టూ నత్తలు చచ్చిపడి ఉన్నందున మందు పనిచేసిందనే అనిపించింది. అయితే ఎరకోసం పిండి పదార్థంతో కలిపి చేసే ఈ గుళికలను కుక్కలు, కోళ్లు, నేలమీద తిండి ఏరుకునే పక్షులు కూడా తినగలవు. తిన్న కుక్కకు వణుకు, మూర్ఛలు వచ్చి ప్రాణం పోయే ప్రమాదం ఉంది. ఆ పెరట్లో ఇంటి కోడిపిల్లలు కొన్ని చచ్చిపోయాయి. ఈ జెముడుకాకి జంట గూటిలో పిల్లలున్న రోజులవి. అవి ఆ పెరటిని విడిచి చెరువుగట్టు వైపు వేటకు మళ్లవలసి వచ్చింది. మందు తిని కొనప్రాణంతో ఉన్న నత్త సైతం వాన కురిసి ఒంటికి తేమ అందితే తేరుకోగలదు. మట్టిలోని గుడ్లకు గుళికలతో సంబంధమే లేదు. ఆ ఏడాది పెరట్లో విషం మిగిలింది, గుడ్లు మిగిలాయి, నత్తలను తినేవారు మాత్రం తగ్గారు. బ్రిటన్‌లో ఈ మందును ఆరుబయట వాడడాన్ని 2022 మార్చి 31 నుంచి నిషేధించారు. పక్షులకూ ఇతర వన్యప్రాణులకూ కలిగే హానే దానికి కారణం.

విషం వద్దనుకున్నవారు మరో జీవిని తెచ్చి వదిలితే సరిపోతుందని భావించిన సందర్భం కూడా ఉంది, దాని ఫలితం మరింత బాధాకరం. హవాయి దీవులలో రాక్షస నత్తను అణచడానికి 1955లో యూగ్లాండినా రోజియా అనే వేటనత్తను ప్రవేశపెట్టారు. అది రాక్షస నత్తలను పెద్దగా తగ్గించలేదు గాని, ఆ దీవులలో మాత్రమే ఉండే చెట్టునత్తల మీద పడి, వాటి జాతులు నశించడానికి ముఖ్యకారణాలలో ఒకటైంది. 1970లలో తాహితీ పరిసర దీవులలో ఇదే ప్రయోగం జరిగి, అక్కడి పార్టులా ప్రజాతి నత్తలలో చాలా జాతులు అంతరించాయి. వేటాడే జీవిని పరాయి దేశం నుంచి తేవడం కన్నా, తోటలో అప్పటికే ఉన్న వేటగాళ్లకు చోటివ్వడమే మేలని ఈ పక్షి నమ్మకం.

మరుసటి ఏడాది ఆ పెరటి బాధ్యతను ఇంటి పెద్దావిడ తీసుకొని, పాతపద్ధతికి మళ్లింది. పొద్దుగూకే వేళ తడిపిన గోనెసంచుల కింద బొప్పాయి ఆకులు, క్యాబేజీ పైరేకులు పెట్టి ఉంచితే రాత్రి తిరిగే నత్తలు తెల్లవారుజామున ఆ చల్లదనంలోనే చేరేవి. వెలుగు రాకముందే వాటిని ఏరి, చిక్కని ఉప్పునీళ్లున్న బకెట్లో వేసి, చచ్చిన తర్వాత లోతైన గోతిలో పూడ్చేవారు. ఉప్పును నేలమీద చల్లకూడదు, ఆ నీళ్లను పాదుల్లో పొయ్యకూడదు, ఎందుకంటే ఉప్పు నేలను చెడగొడుతుంది. ఒట్టి చేతులతో నత్తలను పట్టకూడదు. ఎలుకల ఊపిరితిత్తుల పురుగు అనే పరాన్నజీవి డింభకాలు ఈ నత్తల్లో పెరుగుతాయి. అవి మనిషి ఒంట్లోకి చేరితే మెదడు పొరల వాపు రావచ్చు. అందువల్ల చేతితొడుగులు వేసుకోవాలి, నత్త పాకిన ఆకుకూరను బాగా కడగాలి. ఖాళీ చిప్పలను కూడా వదిలేయకూడదు. వాటిలో వాననీరు నిలిచి దోమలు పెరుగుతాయి.

ఏరడం ఒక్కరోజు పని కాదు, వానాకాలమంతా చేయవలసిన పని. అయితే అంతకన్నా ముఖ్యమైనది నత్తకు నచ్చే పరిసరాన్ని తగ్గించడం. సాయంత్రం కాకుండా పొద్దున నీళ్లు పెడితే రాత్రికి నేల పైపొర ఆరి ఉంటుంది. జిగురు కార్చుకుంటూ పాకవలసిన జీవికి పొడినేల అంటే కష్టం. గోడవారన పేరుకున్న ఇటుకలు, పలకలు, కుళ్లిన మట్టలు తొలగిస్తే పగలు దాక్కునే చోటు పోతుంది. వేసవిలో పాదుల మట్టిని పైపైన తిరగేస్తే గుడ్లు బయటపడి ఎండకు ఎండిపోతాయి, కొన్నింటిని పక్షులు తింటాయి. నర్సరీ నుంచి తెచ్చిన కుండీలో మట్టిని చూడకుండా నాటడం వల్లనే చాలా ఇళ్లకు ఈ నత్త చేరుతుంది. లేత నారును బల్లమీద పెంచి, కాండం గట్టిపడ్డాక నాటడం మరో ఉపాయం. సున్నం, బూడిద బోదెల చుట్టూ పోస్తే నత్త దాటదని చెబుతారు. అవి పొడిగా ఉన్నంతసేపే నిజం, ఒక్క జల్లు పడితే మళ్లీ చల్లవలసిందే. గుడ్డుపెంకుల మీద పెట్టుకునే ఆశ ఇంకా బలహీనమైనది. బ్రిటన్ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2018లో గుడ్డుపెంకులు, రాగి పట్టీల వంటి అడ్డంకులను పరీక్షించి, వాటివల్ల నష్టం తగ్గలేదని ప్రకటించింది.

జెముడుకాకి ఒక్కటే తోటను కాపాడలేదని ఈ పక్షికి బాగా తెలుసు. బాగా ముదిరిన నత్త చిప్ప దానికి లొంగదు; చిన్నవీ నడితరపువీ దాని వాటా. మిణుగురు పురుగుల డింభకాలు చిన్న నత్తలను కరిచి, మత్తుకలిగించే రసం ఎక్కించి, మాంసాన్ని కరిగించి పీల్చుకుంటాయి. పురుగుమందు చల్లిన పెరట్లో ఈ డింభకాలు బతకవు. రాత్రంతా దీపాలు వెలిగే చోట మిణుగురులు ఒకదాన్నొకటి గుర్తించలేక జతకట్టలేవు. కప్పలు గుల్లలేని నత్తలను, అంటే స్లగ్‌లను, పొద్దుగూకాక వేటాడతాయి. నీళ్లతొట్టె పక్కన నీడగా రెండు కుండపెంకులు బోర్లిస్తే పగలు అక్కడే ఉంటాయి. నాట్లకు ముందు బాతులను మళ్లలో తిప్పితే చిన్న నత్తలు తగ్గుతాయి, నారు వేశాక తిప్పితే మాత్రం నారే పోతుంది.

ఇంకొక మాట చెప్పకపోతే ఈ చరిత్ర అసంపూర్ణం. కంటబడిన ప్రతి నత్తా శత్రువు కాదు. చాలా దేశవాళీ నత్తలు ఎండుటాకులనూ కుళ్లిన పదార్థాన్నీ తిని మట్టికి సారం చేరుస్తాయి. అవి కొంత లేతాకును కొరికినా, పక్షులకూ కప్పలకూ తిండి అవే. గోధుమరంగు చారలతో, కోసుగా, అరచేతి పొడవున పెరిగే రాక్షస నత్తను వేరుచేసి గుర్తించిన తర్వాతే ఏరడం మొదలుపెట్టాలి.

పెరడున్న ప్రతి ఇంటినీ ఈ పక్షి కోరేది ఇంతే: తొలకరికి ముందే మట్టి తిరగెయ్యండి, పొద్దున నీళ్లు పెట్టండి, గోనెపట్టా పరచి నత్తలను ఏరండి, వెదురుపొదను నరకకండి, గుళికల పొట్లం మాత్రం విప్పకండి.