గడ్డి కూరిన దూడ

పాడి ఉన్న ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఈ కిటుకు తెలుసు. దూడ చచ్చిపోతే గేదె పాలు చేపదు. అప్పుడు దూడ తోలు ఒలిపించి, లోపల గడ్డి కూరి, గేదె ముందు నిలబెడతారు. అది వాసన చూస్తుంది, నాకుతుంది, చేపుతుంది. కింద చెంబు నిండుతుంది. మా పెద్దవాళ్ళు దీన్ని మోసమని ఒప్పుకునే చేసేవాళ్ళు. చెన్నై పక్కన ఎన్నూరు ఫ్యాక్టరీలలో దీనికి 'ఎంప్లాయీ మోటివేషన్' అని పేరు పెట్టి, బ్యానరు కట్టి, టీ బిస్కెట్లు కూడా పంచుతున్నారు.

ఒక శనివారం మధ్యాహ్నం అలాంటి సభ ఒకటి చూసే భాగ్యం నాకు కలిగింది. కంపెనీ పేరెందుకు లెండి, ఏ గేటులోకి వెళ్ళినా అదే సభ. ఫస్ట్ షిఫ్టు దిగినవాళ్ళను ఇంటికి పోనివ్వకుండా క్యాంటీనులో కూర్చోబెట్టారు. చేతులకు గ్రీజు, కళ్ళ నిండా నిద్ర. చెంపకు మైకు తగిలించుకున్న వక్త దూకుతూ వచ్చి "జోష్ ఎలా ఉంది?" అని అరిచాడు. "బాగుంది సార్" అన్నారు, ఆస్పత్రిలో పలకరించినవాళ్ళకు చెప్పినట్టు. "వినపడలేదు!" అన్నాడు. ప్రెస్ షాపు మోతలో రోజుకు ఎనిమిది గంటలు నిలబడేవాళ్ళతో వినపడలేదని చెప్పడానికి ధైర్యం ఉండాలి.

తరవాత గద్ద కథ మొదలైంది. ఈ కథ వినని ఉద్యోగి మన దేశంలో ఉండడు. గద్దకు నలభై ఏళ్ళు వచ్చేసరికి ముక్కు వంగిపోతుందట. అది కొండ మీదికెళ్ళి, ముక్కును బండకేసి కొట్టుకుని, గోళ్ళు పీక్కుని, ఈకలు పీక్కుని, 150 రోజులు ఓర్చుకుంటే ఇంకో ముప్ఫై ఏళ్ళ ఆయుష్షు వస్తుందట. ముక్కు విరిగిన గద్ద తిండి లేక చస్తుందని ఎన్నూరు ఏటి ఒడ్డున చేపలు ఆరబెట్టే ఏ ముసలమ్మయినా చెబుతుంది. అయినా క్యాంటీనంతా ఊపిరి బిగబట్టింది.

వెనక వరసలో ఒక ఫిట్టరు లేచాడు. సూళ్ళూరుపేట వైపు నుంచి లోకల్లో అరవై కిలోమీటర్ల పైచిలుకు వచ్చిపోయే మనిషి. "సార్, ఆ గద్దకి అయిదు నెలల సెలవు ఎవరు సాంక్షన్ చేశారు? మాకు ఈఎస్ఐలో జబ్బు సెలవు ఏడాదికి 91 రోజులే" అన్నాడు. ఆ రెండు గంటల్లో చప్పట్లు మనసారా పడింది అప్పుడొక్కసారే. హెచ్ఆర్ ఆయన డైరీలో ఏదో రాసుకున్నాడు. 'యాటిట్యూడ్' అని రాసుకుని ఉంటాడు.

తెల్లారకముందే లేచి, క్యారియరు కట్టుకుని, రైల్లో నిలబడి వచ్చి, హూటరు కంటే ముందు గేటు దాటే మనిషికి ప్రేరణ లేదని కనిపెట్టినవాడు మహా మేధావి అయి ఉండాలి. కానీ ఈ మేధావులు ఎప్పుడూ జబ్బు కిందివాడి మనసులోనే వెతుకుతారు. 2019 సెప్టెంబరులో లారీల గిరాకీ పడిపోతే, ఎన్నూరు అశోక్ లేలాండ్ ప్లాంటులో 16 రోజులు పని ఉండదని కంపెనీయే ప్రకటించింది. కార్మికుడు సిద్ధంగానే ఉన్నాడు, లారీ కొనేవాడే లేడు. అప్పుడు ఏ వక్తా వచ్చి మార్కెట్టుకు గద్ద కథ చెప్పలేదు. కొనేవాడు వెనక్కి తగ్గితే మాంద్యం, పనిచేసేవాడు అలసిపోతే యాటిట్యూడ్.

ఈ సభల్లో తెర మీద తప్పకుండా మనిషి అవసరాల పిరమిడ్ ఒకటి కనిపిస్తుంది. మనస్తత్వవేత్త అబ్రహాం మాస్లో 1943లో రాసిన వ్యాసంలో ఆ బొమ్మే లేదు, తరవాతివాళ్ళు గీశారు. పోనీ, బొమ్మనే నమ్ముదాం. అందులో అడుగున ఉన్నవి తిండి, నిద్ర, ఆపైన భద్రత. మన వక్తలు లిఫ్టులో వచ్చినట్టు నేరుగా శిఖరానికే వెళ్ళి 'ఆత్మసాక్షాత్కారం' దగ్గర దిగుతారు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు.

మరో మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్‌ది ఇంకా పాపం. జీతం, పని పరిస్థితులు సరిగా లేకపోతే మనిషి కుములుతాడు, అవి సరిగా ఉన్నంత మాత్రాన ఉత్సాహం పుట్టదు అన్నాడాయన. మేనేజర్లు రెండో సగాన్ని ఫ్రేము కట్టించి, మొదటి సగాన్ని చింపేశారు. "చూశావా, డబ్బుతో ప్రేరణ రాదు" అంటారు. అది నిజమైతే ముందు పైవాళ్ళ జీతాలతో మొదలుపెట్టొచ్చు కదా? 2025 జనవరిలో వారానికి 90 గంటలు పనిచేయాలని, ఆదివారాలు కూడా రావాలని అన్న ఎల్ అండ్ టీ ఛైర్మన్‌కు 2023-24లో ముట్టింది 51 కోట్లు. ఆ కంపెనీ ఓడల కార్ఖానా ఎన్నూరు పక్కనే కాట్టుపల్లిలో ఉంది. పైవాడికి ఉత్సాహం కావాలంటే షేర్లు, కిందివాడికి కావాలంటే గద్ద. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రమైనా బాగుండేది.

భద్రత సంగతి ఎన్నూరుకు వేరే చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో సముద్రం కింది పైపు నుంచి అమ్మోనియా లీకైతే జనం అర్ధరాత్రి పిల్లల్ని ఎత్తుకుని రోడ్ల మీదికి పరిగెత్తారు. 2025 సెప్టెంబరు 30న ఎన్నూరు సెజ్ థర్మల్ కేంద్రం కడుతుండగా ఉక్కు చట్రం కూలి 9 మంది వలస కూలీలు చనిపోయారు. ఊరుగాని ఊరొచ్చి అంత ఎత్తున నిలబడ్డవాళ్ళు వాళ్ళు. వాళ్ళకు జోష్ తక్కువైందని ఎవరైనా అనగలరా?

మద్రాసు కార్మికుడికి ప్రేరణ ఎక్కడి నుంచి వస్తుందో చరిత్రలో ఉంది. పెరంబూరు బిన్నీ మిల్లుల కార్మికులు 1918 ఏప్రిల్‌లో మద్రాసు లేబర్ యూనియన్ పెట్టుకున్నారు. దేశంలో పద్ధతిగా ఏర్పడ్డ మొదటి కార్మిక సంఘం అదేనంటారు. వాళ్ళకు ఎవరూ కొండ మీది గద్దను చూపించలేదు. 2023 ఏప్రిల్‌లో 12 గంటల పనిదినానికి దారి తీసే బిల్లును తమిళనాడు శాసనసభ ఆమోదిస్తే, సంఘాలన్నీ ఒక్కటై లేచాయి. మేడే నాటికి ముఖ్యమంత్రి దాన్ని వెనక్కి తీసుకున్నట్టు ప్రకటించారు. ఆ పది రోజుల్లో కనిపించినంత టీమ్ స్పిరిట్ ఏ వర్క్‌షాపులోనైనా కనిపించిందా? ఇదే రాష్ట్రంలో దుకాణాల్లో పనిచేసేవాళ్ళు కూర్చోవడానికి కుర్చీ వేయమని 2021లో ఏకంగా చట్టమే చేయాల్సివచ్చింది. ఒక స్టూలు వేస్తే పోయేదానికి అసెంబ్లీ కావాల్సివచ్చిన చోట, ఉపన్యాసానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

యజమానులకు ఒక మనవి. ఈ సారి వక్తను పిలిచే ముందు ఒక్క పూట ఆగండి. మరుగుదొడ్డికి గొళ్ళెం ఉందో లేదో చూడండి. ఒకే బోల్టు బిగించే పర్మనెంటు మనిషికీ కాంట్రాక్టు మనిషికీ జీతంలో తేడా ఎంతో లెక్క కట్టండి. జీతం ఏ తారీఖున పడుతోందో అడగండి. ఇవన్నీ సరిగా ఉంటే అప్పుడు గద్దను తప్పకుండా పిలవండి, చప్పట్లు మేమే కొడతాం. గేదెకు నోరు లేదు కాబట్టి గడ్డి దూడను నాకింది. ఫిట్టరుకు నోరుంది, పైగా లెక్కలూ వచ్చు.

వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు కూలి ఇవ్వాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి మాట. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు షిఫ్టులు, 48 గంటలు పూర్తిచేసినవాళ్ళను కూర్చోబెట్టి నడిపిన ఆ రెండు గంటల ప్రేరణ ఓటీ రిజిస్టరులో ఎక్కలేదు.