తోటలో బండి: టీకా తాత్పర్య సహితం

నిమ్మాడ జంక్షన్లో టీ తాగుతుంటే ఒక పెద్దాయన వేసిన ప్రశ్నలోంచి పుట్టిన పద్యమిది. ఆయనకు ఉద్దానంలో మూడెకరాల జీడితోట. మనవడు ఎక్కడిదో పాత ఎక్స్‌పల్స్ బైకు తెచ్చి, సైలెన్సర్ కోసేసి, నంబరు ప్లేటు పీకేసి, ఆ ఇసుకలో గెంతులేయిస్తున్నాడు. "మన తోటలో మనం తోలుకోడానికి పర్మిటేటి బాబూ?" అన్నాడాయన. పద్యం నాదే, తప్పులూ నావే.

తోటలోన బండి తోలంగవచ్చును
రోడ్డు దాట నంబరుండవలయు
కంచె లేని తోట కాదయా ప్రైవేటు
కుర్రవాడ! తండ్రి కోర్టుకెక్కు

ప్రతిపదార్థం: తోటలోన = జీడిచెట్ల నడుమ; బండి = మోటారు సైకిలును; తోలంగవచ్చును = నడపవచ్చును; రోడ్డు దాటన్ = రోడ్డెక్కి దాటవలెనన్న; నంబరు = రిజిస్ట్రేషన్; ఉండవలయున్ = ఉండితీరవలెను. మిగిలింది తేలికే. నాలుగో పాదంలో 'గుంటడా' అనే ఈ ప్రాంతపు పిలుపే అందం, కానీ ఆటవెలదిలో గణం కుదరక కవి 'కుర్రవాడ' అని సర్దుకున్నాడు.

టీక: ముందుగా పద్యంలో లేని మాట సంగతి. పెద్దాయన అడిగిన 'పర్మిట్' కవి ఎక్కడా వాడలేదు. అది మరుపు కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో పర్మిట్ అనేది 66వ సెక్షనుది, బస్సుకూ లారీకీ ఆటోకీ సంబంధించింది. సొంత బైకుకు పర్మిట్టే లేదు. ఇంగ్లండులో మాత్రం సొంత పొలంలో మోటారు సైకిల్ పందేలు పెట్టుకుంటే ఏడాదికి 14 రోజుల దాకా ప్లానింగ్ అనుమతి అక్కర్లేదు, ఆపైన అడగాలి. వాళ్లు రోజులు లెక్కపెడతారు, మనవాళ్లు జనం నడిచే తోవ ఉందా అని చూస్తారు.

'బండి': ఉద్దానంలో ఈ మాటకు ఒకప్పుడు ఎడ్లు ఉండేవి. చట్టం ప్రకారం రోడ్డు మీద నడిచే వీలుతో చేసిన యంత్ర వాహనమంతా బండే. పట్టాల మీద నడిచేది, ఫ్యాక్టరీ వంటి మూసిన ఆవరణలోనే వాడే ప్రత్యేక రకం, నాలుగుకన్నా తక్కువ చక్రాలుండి ఇంజను 25 సీసీ మించనిది మాత్రం బండి కాదు. మనవడిది 200 సీసీ. వాదన అవసరం లేదు.

'కంచె లేని తోట': పద్యానికి ఆయువుపట్టు ఇదే. లైసెన్సు, వయసు, ఇన్సూరెన్సు, హెల్మెట్ నియమాలన్నీ 'బహిరంగ ప్రదేశం' చుట్టూ తిరుగుతాయి. అదేమిటి? జనానికి వచ్చిపోయే హక్కున్న రోడ్డు, వీధి, తోవ, మరే చోటైనా.

శంక: పట్టాదారు పాస్‌పుస్తకం ఇనప్పెట్టెలో భద్రంగా ఉందే!

సమాధానం: ఉండనీ. నేల ఎవరిదో పుస్తకం చెబుతుంది, దాని మీద ఎవరు నడుస్తారో చెప్పదు. ఆ పెద్దాయన తోటలోంచి పక్క ఊరి ఆడవాళ్లు సముద్రం వైపు పోతారు. తాతల నాటి తోవ, ఆపే హక్కు తనకుందో లేదో ఆయనకే తెలియదు.

దీనికి ప్రమాణం మన రాష్ట్రంలోనే ఉంది. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ యార్డులో తారాచంద్ లాజిస్టిక్ సొల్యూషన్స్ వారు తిప్పిన 36 బండ్లకు రాష్ట్రం వాహన పన్ను వసూలు చేస్తే, వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. 2025 ఆగస్టులో తీర్పొచ్చింది: చుట్టూ ప్రహరీ, గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ కాపలా, బయటివాడు లోపలికి రాలేడు, కాబట్టి అది బహిరంగ ప్రదేశం కాదు, అక్కడే తిరిగిన కాలానికి పన్ను లేదు. రూ. 22,71,700 వెనక్కివ్వాల్సి వచ్చింది. పెద్దాయన తోటకు కాపలా ఒక ముసలి కుక్క. దానికి తోవన పోయేవాళ్లంతా చుట్టాలే.

'రోడ్డు దాట నంబరు': ఇక్కడ కవి పొరబడ్డాడు, వ్యాఖ్యాత ఒప్పుకోడు. రిజిస్ట్రేషన్ చెప్పే 39వ సెక్షను బహిరంగ ప్రదేశంతో ఆగలేదు, 'మరే ఇతర చోటైనా' అని కూడా అంది. అంటే తోటలోనూ నంబరుండాలి. ప్లేటు పీకినంతలో నంబరు పోదనుకోండి, పేరు చెప్పనంత మాత్రాన మనిషి అనామకుడు కానట్టే.

'తండ్రి కోర్టుకెక్కు': అతిశయోక్తి కాదు, స్వభావోక్తి. గేరు బండికి 18 నిండాలి. మైనరు రోడ్డెక్కి దొరికితే, 2019 సవరణ తెచ్చిన 199ఎ సెక్షను కింద సంరక్షకుడికి 3 ఏళ్ల దాకా జైలు, రూ. 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. పిల్లవాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు రాదు. 'నాకు తెలీకుండా తోలాడు' అని రుజువు చేసుకుంటే తండ్రి బయటపడొచ్చు. పెట్రోలు డబ్బులిచ్చినవాడికి ఆ రుజువు కష్టం.

విశేషం: చట్టం వదిలేసినా జీడిచెట్టు వదలదు. మార్చి నుంచి మే దాకా పిక్కలు నేల రాలతాయి, ఒక్కొక్కటే ఏరాలి. పలాసలో బేరం 80 కేజీల బస్తా లెక్కన. టైరు కింద ఇసుకలోకి దిగబడ్డ పిక్కను పెద్దాయన చెప్పు మొనతో పైకి తీసి చూపించాడు. పక్కతోటది కూడా అలాగే దిగబడితే తగువు రవాణా శాఖకు పోదు, ఊళ్లోనే తేలాలి.

తాత్పర్యం: తోటలో తోలడానికి పర్మిట్ అడిగేవాడు లేడు. కానీ నంబరు అక్కడా ఉండాలి. తోవ ఉన్న తోటలో లైసెన్సూ ఇన్సూరెన్సూ హెల్మెట్టూ లేకపోతే 'నా నేల' అన్న మాట నిలవదు.

ఇదంతా విని పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టి, "ఐతే కంచె ఖర్చెంతవుద్దో?" అన్నాడు. మూడెకరాల చుట్టూ రాతిస్తంభాలు, ముళ్లతీగ లెక్కేసుకున్నాం. బండి ధర కన్నా ఎక్కువ తేలింది. బండిప్పుడు పశువులశాలలో ఉంది, ప్లేటు మళ్లీ బిగించారు. గుంటడికి 18 నిండడానికి ఇంకా 14 నెలలుంది.