స్కోరెంతన్నా: ఒక సూత్రం, చందాపుర వ్యాఖ్య

మూలం: “అన్నా, స్కోరెంత?”

ప్రతిపదార్థం: అన్నా = వరుసకు ఏమియు కాకున్నను అగ్రజుడవైన ఓయీ!; స్కోరు = ప్రస్తుతము బ్యాటు పట్టిన జట్టు పరుగులును, పడిన వికెట్లును, జరిగిన ఓవర్లును; ఎంత = ఏ మాత్రము కలవు? (చెప్పుము అని అధ్యాహారము.)

అవతారిక: బెంగళూరు శివారు చందాపుర సర్కిల్లో ఆనేకల్ బస్సు కోసం నిలబడ్డవాడొకడు, పక్కవాడి ఫోన్లోకి మెడ సాచి పలికినది. కాలం వేసవి, రాత్రి ఏడున్నర దాటిన వేళ. వక్త బొమ్మసంద్రలో షిఫ్టు దిగినవాడైనా కావచ్చు, ఎలక్ట్రానిక్ సిటీలో ల్యాప్‌టాప్ మూసినవాడైనా కావచ్చు. ఇద్దరికీ ముఖపరిచయం లేదు.

కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరి మెదక్ దగ్గరి కొల్చారం వాడు. మూలంలో లేనిదేదీ రాయనని నియమం పెట్టుకున్నాడు. మనకా నిష్ఠ కుదరదు. ఈ మూలంలో ఉన్నవి రెండు మాటలే, లేనిదే ఎక్కువ.

పూర్వపక్షం: అడిగినవాడి జేబులోనూ ఫోనుంది, అందులో డేటా ఉంది, కనుక ప్రశ్న వ్యర్థం అంటారు కొందరు. వ్యర్థమే. అందుకే అడిగాడు. హోసూరు రోడ్డు పొడుగునా మనుషులు మోసుకు తిరిగే అంకెలు చాలా ఉన్నాయి: జీతం, ఇంటద్దె, పిల్లల ఫీజు, ఈఎమ్ఐ. వీటిలో ఏది అడిగినా ఎదుటివాడి ముఖం ముడుచుకుంటుంది. కొత్తవాణ్ని నిర్భయంగా అడగదగ్గ అంకె స్కోరొక్కటే. “బస్సొచ్చేదాకా పక్కపక్కనే ఉంటాం కదా, నాలుగు మాటలనుకుందామా” అని తాత్పర్యం. ఐపీఎల్లో ఆ అంకెను ఐదేళ్లపాటు, అంటే 2023 నుంచి 2027 దాకా, తెరల మీద చూపించే హక్కులకు బీసీసీఐకి పలికిన ధర 48,390 కోట్ల రూపాయలు. బస్టాపులో మాత్రం ఊరికే చెబుతారు.

విశేషం: క్రికెట్‌కు ప్రమాణాలు రెండు. ట్రాన్సిస్టర్ చెవికి ఆనించి విన్నది శ్రుతి. అర్ధరాత్రి మళ్లీ వేసే హైలైట్స్ స్మృతి. 1983 జూన్ 18న టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద కపిల్ దేవ్ కొట్టిన 175 నాటౌట్‌కు వీడియో లేదు. పరుగులు అప్పటివే ఉన్నాయి గానీ, ఆ సిక్సర్లు మాత్రం తరతరానికీ ఇంకాస్త దూరం వెళ్లి పడుతున్నాయి.

ఈ రెంటికీ లొంగని మూడో ప్రమాణం కేక. ఫోన్లో మ్యాచ్ టీవీ కంటే కొన్ని క్షణాలు వెనక నడుస్తుంది. పీజీ మూడో అంతస్తులో మంచం మీద పడుకున్న కుర్రాడి తెర మీద బౌలర్ ఇంకా బంతిని ప్యాంటుకు రుద్దుతుంటాడు. డిష్ ఉన్న ఎదురింట్లోంచి అప్పటికే “హో” అని లేస్తుంది. పొట్టి కేకైతే ఫోరు, సాగితే సిక్సు, కేకే లేకపోతే మనవాడు ఔటు. పొగను బట్టి నిప్పును పట్టే తార్కికులు దీన్ని అనుమాన ప్రమాణంలో చేర్చుకోవచ్చు. పాపం ఆ కుర్రాడు డబ్బు కట్టి మరీ తెలిసిన కథ చూస్తున్నాడు.

శంక: స్కోరెంత అన్నాడు గానీ ఎవరి స్కోరో అనలేదేం? ఇది దోషం కాదు, లౌక్యం. 2009 మే 24న జొహానెస్‌బర్గ్ ఐపీఎల్ ఫైనల్లో హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్ బెంగళూరును ఆరు పరుగులతో ఓడించింది. 2016 మే 29న సన్‌రైజర్స్ హైదరాబాద్ ఏకంగా బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలోనే ఎనిమిది పరుగులతో కప్పు ఎగరేసుకుపోయింది. 2024 ఏప్రిల్ 15న అదే మైదానంలో 287 కొట్టింది. బెంగళూరు 262 దాకా తరిమింది. ఆ రాత్రి చందాపుర అద్దె ఇళ్లలో తెలుగువాళ్లు నోట్లో తువ్వాలు కుక్కుకుని ఆనందించారు. కింద ఓనరుంటాడు, అడ్వాన్సు ఆయన దగ్గరుంటుంది.

2025 జూన్ 3న అహ్మదాబాద్‌లో పంజాబ్ మీద బెంగళూరు ఆరు పరుగులతోనే గెలిచింది. పద్దెనిమిదో సీజన్లో తొలి కప్పు. 2009 నాటి ఆరూ వడ్డీ లేకుండా తిరిగొచ్చాయన్నమాట. పైవాళ్లూ కిందవాళ్లూ కలిసే పటాకులు కాల్చారు.

ఇక్కడ వ్యాఖ్యాత పరిహాసం పక్కన పెట్టాలి. మర్నాడు చిన్నస్వామి బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. లోపల సన్మానం జరిగింది. ఆ సాయంత్రం బస్టాపులో ఫోన్లలోకి తొంగిచూసినవాళ్లు కూడా “ఎంత” అనే అడిగారు. అడిగింది పరుగుల గురించి కాదు.

తరువాతి కథ మన సర్కిల్ దగ్గరికే వచ్చింది. 2025 ఆగస్టులో కర్ణాటక ప్రభుత్వం సూర్యసిటీలో 80 వేల సీట్ల స్టేడియానికి ఒప్పుకుంది. వంద ఎకరాలు, 1,650 కోట్లు, ఖర్చు హౌసింగ్ బోర్డుది. అప్పట్నుంచి ఇక్కడ “ఎంత” అంటే చదరపు అడుగు రేటని కూడా చెప్పుకోవాలి. సైటు బ్రోకర్లు సూత్రంలో “స్కోరు” ప్రక్షిప్తమంటారు. “అన్నా, ఎంత” అనేదే శుద్ధపాఠమట.

ఆ సైట్లలోనే, ఇల్లు లేవనంతకాలం, పిల్లలు టెన్నిస్ బంతితో ఆడతారు. నిలబెట్టిన మూడు హాలో బ్లాకులు వికెట్లు. కాంపౌండు దాటి పడితే ఔట్, ఎందుకంటే అడిగినా ఆ ఇంటివాళ్లు బంతి ఇవ్వరు. ఓనరు పునాది తీసిన రోజున టోర్నమెంటు సమాప్తం. చూసేవాళ్లకు 80 వేల కుర్చీలు రాబోతున్నాయి గానీ ఈ జట్లు ఎటు పోవాలో ఎవరూ చెప్పలేదు. ఈ ఆట స్కోరు దారిన పోయేవాడెవడూ అడగడు. ఒకవేళ అడిగితే ఆట ఆగి గొడవ మొదలవుతుంది. రెండు జట్ల లెక్కా ఏనాడూ కలవదు.

పాఠాంతరాలు: “స్కోరెంతండీ” అని గోదావరి ప్రతి. “ఎంతాయప్పా” అని అనంతపురం ప్రతి. “స్కోర్ ఎష్టు గురు” అని స్థానిక ప్రతి. వీటికి పై టీకే చాలు. ఆంధ్రా మెస్సుల్లో మాత్రం ఇంకొకటి వినిపిస్తుంది. పప్పు, గోంగూర, పెరుగు అన్నీ ముగిసి, కుడిచెయ్యి ఎండి తెల్లబడ్డాక కూడా మనిషి ప్లేటు ముందునుంచి కదలకుండా టీవీకేసి చూస్తుంటాడు. వెనక నలుగురు టోకెన్లు పట్టుకుని అతని కుర్చీకేసి చూస్తుంటారు. క్యాష్ దగ్గర కూర్చున్న ఓనరు మహా మర్యాదగా “ఇంకెన్ని ఓవర్లు సార్?” అంటాడు. ఈ పాఠానికి టీక అక్కర్లేదు. లేచి చెయ్యి కడుక్కోవాలి.