బూడిదరంగు సబ్మిట్ బటన్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సబ్మిట్ బటన్ గారి సముఖానికి ఆన్‌లైన్ దరఖాస్తుదారు చేసుకునే విన్నపం ఏమనగా,

తమరు ఫారం అడుగున బూడిదరంగులో కొలువుదీరి ఉంటారు. ఎంత నొక్కినా పలకరు. ఎందుకు పలకరో చెప్పరు. పాతకాలం గుమాస్తా అయినా "ఫలానా కాగితం లేదు, రేపు రా" అని కసిరేవాడు. ఆ కసురులో కాస్త సమాచారం ఉండేది.

తమరికి ఈ హోదా 1997లో హెచ్‌టీఎంఎల్ 4.0 ఇచ్చింది. 'డిజేబుల్డ్' అన్న ఒక్క మాట చేరిస్తే తమరు మౌనవ్రతం. గడులన్నీ నిండాయని జావాస్క్రిప్ట్ నమ్మితేనే విరమణ. (హెచ్‌టీఎంఎల్‌లో ఆ మాట పక్కన 'ఫాల్స్' అని రాసినా వ్రతం చెడదట. మొండితనమంటే అదీ!)

చిక్కంతా ఆ నమ్మకంలోనే ఉంది. కొన్ని స్క్రిప్టులు కీబోర్డు మీద వేలు పడితేనే కదులుతాయి. బ్రౌజరే పేరూ చిరునామా నింపినా, మౌసుతో పేస్ట్ చేసినా వాటికి పట్టదు. మా కంటికి నిండు గడి, తమరి లెక్కలో ఖాళీ. అప్పుడు నెట్ సెంటర్ కుర్రాడు వచ్చి చివర ఒక స్పేస్ కొట్టి చెరిపేస్తాడు. తమరు వెంటనే నీలంగా వెలుగుతారు! ఆ స్క్రిప్టులు రాసినవాళ్లు 'ఇన్‌పుట్' అనే ఈవెంట్‌ను పట్టించుకుని ఉంటే ఈ మంత్రంతో పనే లేదు.

ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించుకునే తెలుగువాళ్ల పాట్లు వేరు. 'లాస్ట్ నేమ్' గడిలో ఒకే అక్షరం వేస్తే కొన్ని స్క్రిప్టులు లోలోపలే అలుగుతాయి.

చూపులేనివారు ట్యాబ్ మీటతో గడి గడికీ దిగి వస్తే, డిజేబుల్ అయిన తమరిని ట్యాబ్ దాటేసిపోతుంది. ఫారానికి బటనే లేదనుకోవాలి వాళ్లు. ఈ ఒక్కచోట నాకు నవ్వు రావడం లేదు.

పోనీ కాపలాకైనా పనికొస్తారా? డెవలపర్ టూల్స్ తెరిచి ఆ ఒక్క మాట చెరిపేస్తే తమరి పెత్తనం సరి. అసలు తనిఖీ ఎటూ సర్వర్ చేయాల్సిందే.

ఫీజు కోసం ఒకసారి నొక్కాక మూసుకోండి, అభ్యంతరం లేదు. రెండోసారి డబ్బు పోకుండా ఉంటుంది. కానీ నెట్ తెగి పని ఆగిపోతే మళ్లీ తెరుచుకోవాలి. ఆ ముక్క రాయడమే చాలామంది మర్చిపోతున్నారు.

కనుక మొదటి నుంచీ తెరిచే ఉండమని ప్రార్థన. మమ్మల్ని నొక్కనివ్వండి. తప్పుంటే ఏ గడిలో ఏం తప్పో ఆ గడి పక్కనే, తెలుగులో రాయించండి.

ఇట్లు,
అన్ని గడులూ నింపిన దరఖాస్తుదారు