మడి కట్టుకున్న మోడరన్

ఆధునికతకు డెబ్బై ఏళ్లు దాటితే ఏం చేస్తుంది? మడి కట్టుకుంటుంది. నమ్మకపోతే అమెరికాలో, వర్జీనియాలోని హాలిన్ హిల్స్‌కు వెళ్లి చూడండి.

1949లో మొదలైన కాలనీ. జార్జి వాషింగ్టన్ గారి ఇల్లు మౌంట్ వెర్నాన్ దగ్గర్లోనే ఉంది. ఆ చుట్టుపక్కల ఇటుక గోడలు, తెల్ల స్తంభాలు ఉంటేనే ఇల్లనుకునే రోజుల్లో ఆర్కిటెక్టు చార్లెస్ గుడ్‌మన్, బిల్డరు రాబర్ట్ డావెన్‌పోర్ట్ ఆ తాతలనాటి నమూనాను పక్కన పడేశారు. గుట్టను చదును చేయలేదు. చెట్లను వీలైనంతవరకు కొట్టలేదు. కింది నుంచి పైదాకా గాజు గోడలు పెట్టారు. ప్రహరీలు కట్టలేదు. ఎదురింటి కళ్లు మనింట్లో పడకుండా ఇళ్లను రోడ్డుకు ఐమూలగా తిప్పారు. మన సిద్ధాంతిగారు చూస్తే దిక్సూచి పారేసి గేటు దగ్గరే కూలబడతారు. అయ్యో, గేటు కూడా లేదు!

చెట్లను బతకనిచ్చినందుకు దండం పెట్టాల్సిందే. ఆ చెట్లేమో డెబ్బై ఏళ్లుగా ఆకుల్ని కప్పుల మీదికే రాలుస్తున్నాయి. ప్రకృతిని ఇంట్లోకి పిలిచారు కదా, గాజు గోడ మీదుగా చలికాలం కూడా వచ్చి కూర్చుంది. మధ్యతరగతి కోసం కట్టిన ఇళ్లివి. ఇప్పుడా మధ్యతరగతి ఆదివారం పూట కారు నెమ్మదిగా నడుపుతూ చూసి వస్తుంది.

అసలు ముచ్చట ఇది కాదు. 2013లో ఆ కాలనీ జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కింది. 2022లో స్థానిక కౌంటీ ప్రభుత్వం దాన్ని చారిత్రక పరిరక్షణ ప్రాంతం చేసింది. బయటి రూపం మార్చాలంటే కౌంటీ సమీక్షా మండలి ముందు నిలబడాలి. కాలనీకి సొంత డిజైన్ కమిటీ ముందునుంచీ ఉండనే ఉంది. అత్తగారు చాలలేదని ఆడపడుచునీ తెచ్చుకున్నారన్నమాట. ఇవాళ గుడ్‌మనే లేచొచ్చి, లోకం ఎరగని కొత్తరకం ఇల్లొకటి అక్కడ కడతానంటే? "బాగానే ఉంది బాబూ, కానీ గుడ్‌మన్ శైలిలో లేదు" అని కాగితాలు తిప్పి పంపుతారు.

అన్నట్టు, ఆయన తన కాపురం అలెగ్జాండ్రియాలో ఓ పందొమ్మిదో శతాబ్దపు ఫామ్‌హౌసులో పెట్టారు. 1954లో ఆ పాత ఇంటికి గాజు గోడల కొత్త భాగం ఒకటి తగిలించారు. ఆయన కట్టిన ఇంటికి అలాంటి అతుకు వేయాలనుకునేవాళ్లు మాత్రం ముందు దరఖాస్తు పెట్టుకోవాలి.