లడ్డూ అని చెప్పాను

ముందుగా నేరం ఒప్పుకుంటాను. ఫ్రాన్సులో మార్సెయ్ అనే పాత రేవుపట్నంలో మేము రెండు రాత్రులు ఒక పెద్దావిడ ఇంట్లో దిగాం. రెండోరోజు పొద్దున కాఫీ పోస్తూ ఆవిడ, "మీ వైపు కూడా ఇలాంటి పాత రేవు ఏదైనా ఉందా?" అని అడిగింది. మా అబ్బాయి తెలుగు చేసి చెప్పాడు. ఉందన్నాను. "చూడ్డానికి ఏముంటుంది అక్కడ?" అంది.

క్షణం కూడా ఆలోచించలేదు. "లడ్డూ," అన్నాను.

మావాడు నావైపు ఒక చూపు చూసి, ఏదో సర్ది చెప్పాడు. ఆవిడ మర్యాదగా తలూపి, "మాకు సబ్బు ఉంది," అంది. మార్సెయ్ సబ్బు పేరున్నదే. కానీ ఆవిడ ఊరు సబ్బు దగ్గర ఆగిపోలేదని నేను అప్పటికే ఒకరోజంతా కాళ్ళు అరగదీసి చూశాను. నా ఊరి పక్క ఊరు మాత్రం నాకు లడ్డూ దగ్గర ఆగిపోయింది.

నేను బెజవాడ వాణ్ణి. పుట్టిందీ పెరిగిందీ రిటైరైందీ బందరు రోడ్డుకి ఒక సందు అవతల. బోర్డుల మీద అది మహాత్మాగాంధీ రోడ్డు. ఆటోవాడికి ఆ పేరు చెబితే ఊరికి కొత్తనుకుంటాడు. ఆ రోడ్డు వెళ్ళేది బందరుకే, అంటే మచిలీపట్నానికే. ఊళ్ళోంచి పారే బందరు కాలవ వెళ్ళేదీ అటే. రోడ్డూ కాలవా రెండూ రోజూ ఆ ఊరి పేరే చెబుతున్నా, నాకు ఆ పేరు ఉత్తరాల మీద చిరునామా రాసుకోడానికి తప్ప పనికిరాలేదు.

అక్కడికి ఎప్పుడూ వెళ్ళలేదంటే కొంత క్షమించవచ్చు. కానీ నేను బందరులో మూడేళ్ళు ఉద్యోగం చేశాను. రోజూ డెబ్బై కిలోమీటర్లు పోను, డెబ్బై రాను. కంకిపాడు దాటగానే నిద్ర. సీజన్లో అయితే ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ వాసనకి ఒకసారి మెలకువ. పామర్రులో టీ. గూడూరు రాగానే సంచీ భుజాన వేసుకుని నిలబడ్డం. బస్టాండు, ఆఫీసు, మళ్ళీ బస్టాండు. శనివారం సాయంత్రం మాత్రం కోనేరు సెంటర్లో కిలో లడ్డూ. మూడేళ్ళలో నేను చూసిన మచిలీపట్నం ఇంతే.

మా ఆఫీసు గుమాస్తా పరాసుపేట నుంచి వచ్చేవాడు. అటెండరుది వలందపాలెం. ఇంగ్లీషుపాలెంలో కాపురమున్న టైపిస్టు ఒకావిడ ఉండేది. ఆ చివరి పేరు అర్థం కావడానికి బుర్ర అక్కర్లేదు గనక అర్థమైంది. పరాసు అంటే ఎవరిదో ఇంటిపేరనుకున్నాను. వలంద అంటే ఏదో చెట్టనుకున్నాను. అడిగితే పోయేదేముంది? మూడేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

ఇక మార్సెయ్. మా అబ్బాయి తూలూజ్‌లో విమానాల కంపెనీలో చేస్తున్నాడు. అక్కడినుంచి నాలుగు గంటల రైలు. శని, ఆదివారాలు రెండే రోజులని నేను ముందే ఒక నోటుబుక్కులో చూడవలసిన చోట్లు ఇరవై రెండు రాసుకున్నాను. స్టేషను బయట దిగుడు మెట్లు 104 అని ఎక్కడో చదివితే, నమ్మక, దిగుతూ లెక్కపెట్టాను. 104 ఉన్నాయి. టిక్కు పెట్టాను. పాతరేవు నేలలో ఒక పలక ఉంది. క్రీస్తుకు పూర్వం 600 ప్రాంతంలో ఫోకేయా నుంచి గ్రీకు నావికులు ఇక్కడ దిగారని దానిమీద రాశారు. వంగి ఫొటో తీశాను. రేవు పక్కన అద్దంలా మెరిసే ఒక పందిరి కట్టారు. కింద నిలబడి తలెత్తితే మనమే తలకిందులుగా వేలాడుతూ కనిపిస్తాం. మా ఆవిడ అక్కడ ఆగలేదు, చేపల బల్లల దగ్గరికి వెళ్ళి మొప్పలు ఎత్తి చూసి, భాష రాకపోయినా బేరం మొదలెట్టింది. కొండమీద చర్చిలో కప్పునుంచి చిన్న చిన్న ఓడబొమ్మలు వేలాడుతున్నాయి, సముద్రం మీద బతికి బయటపడ్డవాళ్ళు చెల్లించిన మొక్కులట. "మన గుళ్ళో వెండి కళ్ళు ఇచ్చినట్టే," అంది మా ఆవిడ. ఆ రెండు రోజుల్లో ఆ ఊరి గురించి ఎవరైనా పనికొచ్చే మాట అన్నారంటే అదే. నేను మాత్రం టిక్కులు పెట్టుకుంటున్నాను.

ఇరవయ్యో టిక్కు దగ్గర ఒక గుడ్డల కొట్టు. పసుపు మీద ఎర్రటి మామిడిపిందెలు, అంచున నల్లటి తీగలు ఉన్న బల్లగుడ్డ. ఆ ప్రాంతపు సంప్రదాయమని, మూడు వందల ఏళ్ళ నుంచీ ఉందని కొట్టావిడ చెప్పింది. నలభై అయిదు యూరోలు. మన డబ్బు నాలుగు వేలు. మా ఆవిడ గుడ్డని వేళ్ళతో నలిపి చూసి, "ఇలాంటిది ఎక్కడో చూశానండీ," అంది. "ఇది ఫ్రాన్సుది, నువ్వెక్కడ చూస్తావు?" అన్నాను. నాలుగు వేలూ ఇచ్చాను. మా వదినకి బహుమతి అన్నాను. వదినంటే మా ఆవిడ అక్కగారు. ఆవిణ్ణిచ్చింది పెడనకి.

ఈ వాక్యం చదవగానే కృష్ణా జిల్లావాళ్ళు నవ్వేసి ఉంటారు. తక్కినవాళ్ళ కోసం చెబుతున్నాను. పెడన బందరుకి కూతవేటు దూరం. కలంకారీ అద్దకాలు అచ్చయ్యేది అక్కడే.

వదిన గుడ్డ విప్పింది. ముందువైపు చూడనే లేదు. తిరగేసింది. వెనక తెల్లగా, వెలిసిపోయినట్టు ఉంది. "మిషను గుడ్డ మరిదిగారూ," అంది. లోపలికి వెళ్ళి ట్రంకు పెట్టెలోంచి ఒక పాత దుప్పటి తెచ్చి పక్కన పరిచింది. అవే పిందెలు. అదే తీగ. దాన్నీ తిరగేసింది. రంగు ఇటుకీ దిగి ఉంది. "పోన్లెండి, అంతదూరం నుంచి మోసుకొచ్చారు, టీవీ కింద వేసుకుంటాను," అంది. మా ఆవిడ ఏమీ అనలేదు. ఇప్పటికీ అనలేదు. అదే కష్టం.

ఆ రాత్రి నిద్ర పట్టక చదవడం మొదలుపెట్టాను. నన్ను నేను తిట్టుకోడానికి కావలసినవన్నీ దొరికాయి. మన అద్దకపు గుడ్డలకి ఫ్రాన్సులో పేరు 'ఆఁదియెన్', అంటే భారతీయం. వాటిని చూసి మార్సెయ్‌లో అచ్చువేసే పని 1648లోనే మొదలైంది. ఆ మోజు ఎంత ముదిరిందంటే, తమ పట్టు, ఉన్ని నేతగాళ్ళు దెబ్బతింటున్నారని 1686లో ఫ్రెంచి రాజు ఆ గుడ్డల మీద నిషేధం పెట్టాడు. డెబ్బై మూడేళ్ళు నడిచింది ఆ నిషేధం. ఎత్తేసింది 1759లో. అదే 1759 ఏప్రిల్లో కల్నల్ ఫోర్డ్ అనే ఇంగ్లీషు సేనాని బందరు కోటని ఫ్రెంచివాళ్ళ దగ్గరనుంచి లాక్కున్నాడు. గుడ్డ వాళ్ళ ఇంట్లోకి దర్జాగా అడుగుపెట్టిన ఏడాదే గుడ్డల ఊరు వాళ్ళ చేయి జారింది.

ఫ్రెంచివాళ్ళు బందరుకి వచ్చింది 1669లో, గోల్కొండ సుల్తాను అనుమతితో. మార్సెయ్ రేవులో సుంకాలు ఎత్తేసిందీ ఆ సంవత్సరమే. ఇక పరాసులంటే మన పాత తెలుగులో ఫ్రెంచివాళ్ళు. వలందులంటే హాలండువాళ్ళు. పరాసుపేట! మా గుమాస్తా మూడేళ్ళు నా ఎదురుగా కూర్చుని జవాబు చెబుతూనే ఉన్నాడు. అక్కడి ఒక చిన్న జాగా మీద ఫ్రెంచివాళ్ళ హక్కు 1947 అక్టోబరు దాకా ఉండేదట. నేను ఆ మార్సెయ్ ఆవిడతో, "ఫ్రెంచివాళ్ళు మా పక్కకి యానాం దాకా వచ్చారు, అంతే," అని కూడా అన్నాను. లడ్డూ తరవాత ఆ మాట చెప్పలేదు మీకు, సిగ్గేసి.

ఒక శనివారం నోటుబుక్కు లేకుండా బందరు వెళ్ళాం, వదిన వెంట. ముందు డచ్చివాళ్ళ సమాధులు. పదిహేడో శతాబ్దంలో, సొంత ఊరికి ఓడలో ఏడెనిమిది నెలల దూరాన చనిపోయినవాళ్ళు. పెద్ద పెద్ద రాతిపలకల మీద వంశచిహ్నాలూ అక్షరాలూ లోతుగా చెక్కారు. మార్సెయ్‌లో ఇలాంటి పలకకి మూడు ఫొటోలు తీసేవాణ్ణి. ఇక్కడ ఫోను జేబులోంచి తియ్యలేదు. నా ఆఫీసు కిటికీకి ఇవి ఎంత దూరమో మనసులో కొలుచుకుంటున్నాను.

తరవాత కోట. రేవు ఉండేది ఇక్కడే. ఇప్పుడు బురద, కాలవపాయలు, కూలిన గోడలు. "సముద్రం ఏదీ?" అన్నాను. వదిన చెయ్యి ఎక్కడికో చూపించింది. అప్పుడు నాకు ఈ రెండు ఊళ్ళ తేడా తెలిసింది. మార్సెయ్ రేవు సున్నపురాయి కొండల మధ్య చీలిక. పెద్దనది రోన్ దానికి పడమట ఎక్కడో కలుస్తుంది గనక ఒండ్రు దాని జోలికి రాదు. గ్రీకులు దిగినచోటే ఇవాళా పడవలు ఆగుతాయి. మనది కృష్ణమ్మ మోసుకొచ్చిన నేల. లోతు చాలక పెద్ద ఓడలు దూరాన లంగరేస్తే సరుకు చిన్న పడవల మీద ఒడ్డుకి చేరేది. మనకి వరిచేలు ఇచ్చిన ఒండ్రే మన రేవుని పూడ్చింది. పూడ్చగా మిగిలినదాన్ని 1864 నవంబరు 1 రాత్రి తుపాను కొట్టింది. ఉప్పెన ఊళ్ళోకొచ్చి ముప్ఫై వేలమందిని తీసుకుపోయింది. 1720లో మార్సెయ్‌కి వచ్చిన ప్లేగు సంగతి, దాన్ని తెచ్చిన ఓడ పేరుతో సహా, నా నోటుబుక్కులో ఉంది. ఈ రాత్రి సంగతి మాత్రం ఎక్కడా లేదు.

ఆదివారం పెడన. వదినవాళ్ళ పక్కింట్లోనే అద్దకం షెడ్డు. గంజి పోయేదాకా ఉడికించిన గుడ్డని కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేశారు. పాత ఇనపముక్కలూ బెల్లమూ కలిపి కుండలో రోజుల తరబడి పులియబెట్టిన నీళ్ళు తగిలితే కరక్కాయ గుడ్డ మీద నలుపు తేలింది. ఎరుపు రావలసినచోట పటిక అద్దుతున్నారు. అద్దినప్పుడు ఎరుపేమీ కనబడదు. తరవాత కాలవలో జాడించి, ఎర్ర రంగు వేళ్ళతో కాగులో ఉడికిస్తే పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది, తక్కిన చోట్ల నిలవదు. అందుకే ఉతికినా దిగదు. టేకు అచ్చు మీద పిడికిలి గుద్ది, జరిపి, మళ్ళీ గుద్దుతున్న పెద్దాయన, ఇన్నేళ్ళూ ఎక్కడున్నావన్నట్టు నన్ను ఎగాదిగా చూశాడు. నేను అచ్చు గుద్దుతానన్నాను. ఇచ్చాడు. పిందె వంకరపోయింది. ఆ ముక్క నాకే ఇచ్చేశాడు.

ఇంతటితో బుద్ధొచ్చి ఉంటే ఈ స్వగతం ఇక్కడ ముగిసేది. తెలియనివాడి తెలివితక్కువ ఒకపాలైతే, కొత్తగా తెలిసినవాడిది మూడుపాళ్ళు.

మార్సెయ్‌కి గ్రీకుల నాటి పేరు మస్సాలియా. రెండువేల ఏళ్ళ కిందట ఒక గ్రీకు వర్తకుడు రాసిన ఎర్రసముద్ర యాత్రా పుస్తకంలో సన్నటి నూలుగుడ్డలు దొరికే మన తీరం పేరు మసాలియా. ఈ రెండూ పక్కపక్కన కనబడగానే నాకు పూనకం వచ్చింది. మార్సెయ్ గ్రీకులే వచ్చి బందరుకి తమ ఊరిపేరు పెట్టారని తేల్చేశాను. స్టేడియం దగ్గర పొద్దుటి నడకలో పదిరోజులు ఉపన్యాసాలిచ్చాను. పదకొండో రోజు, ఎప్పుడూ మాట్లాడని ఒక రిటైర్డు చరిత్ర లెక్చరరు గారు ఆగి, "వాళ్ళది ఊరిపేరు, మనది ఒక ప్రాంతం పేరు. శబ్దం కలిస్తే చుట్టరికం కలిసినట్టేనా? మీ ఇంటిపేరూ నా ఇంటిపేరూ ఒకటే. లక్ష అప్పడిగితే ఇస్తారా?" అన్నారు.

ఇవ్వనన్నాను. ఆయన నా మొహం చూసి జాలిపడినట్టున్నారు. "కావాలంటే నిజమైనది ఒకటి చెబుతాను. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో మధ్యధరా ఒడ్డున అలెగ్జాండ్రియాలో కూర్చుని టాలెమీ ప్రపంచమంతా లెక్కకట్టాడు. అందులో కొంటకొస్సిల అనే వర్తకరేవు రాశాడు. అది మన ఘంటసాలే అంటారు చరిత్రకారులు. చల్లపల్లి దగ్గర. స్తూపం ఉంది, వెళ్ళి చూడండి," అన్నారు.

వెళ్ళాను. అలెగ్జాండ్రియాలో ఉన్నవాడికి మన ఘంటసాల తెలుసు. బందరు రోడ్డులో ఉన్నవాడికి తెలిసిందల్లా ఘంటసాల పాటలు.

మొన్న మా అబ్బాయి స్నేహితుడు తూలూజ్ వెళుతుంటే ఆ మార్సెయ్ పెద్దావిడకి ఏదైనా పంపుదామనుకున్నాం. మావాడు ఫోన్లో, "ఆవిడ మళ్ళీ మీ రేవులో ఏముందని అడిగితే ఏం చెప్పమంటారు నాన్నా?" అన్నాడు. మొదలెట్టాను. వలందుల సమాధులు, 1669, 1759, ఉప్పెన, కరక్కాయ, పటిక... అయిదు నిమిషాలయ్యాక, "నాన్నా, ఒక్క ముక్కలో," అన్నాడు.

ఫోను పట్టుకుని చాలాసేపు ఆలోచించాను. నిజానికి కోనేరు సెంటర్ లడ్డూ చేసిన తప్పేమీ లేదు.

"లడ్డూ అనే చెప్పరా," అన్నాను. "కిలో పంపిస్తున్నాం. పెడన గుడ్డలో చుట్టి ఇచ్చింది మీ అమ్మ. లడ్డూలు తిన్నాక ఆ గుడ్డ పారెయ్యొద్దను. ఒకసారి తిరగేసి చూడమను."